గురువమ్మత్త మూగనాటకం

నేను నా జన్మలో ఒకే ఒక్క నాటకానికి దర్శకత్వం వహించాను. అది పదిహేడు నిమిషాలు నడిచింది. మొదటి పదకొండు నిమిషాలు నేను మహా దర్శకుణ్ణి. మిగతా ఆరు నిమిషాలూ నిండు సభలో నా చెవి మా గురువమ్మత్త చేతిలో ఉంది. ఆ చెవి ఈనాటికీ రెండోదానికంటే కాస్త పొడుగ్గా కనబడుతుందని నా భార్య అంటుంది. నమ్మకం కుదరకపోతే విరుదునగర్ వెళ్ళి అడగండి. ఆనాటి సభలో కూర్చున్నవాళ్ళు చాలామంది ఇంకా నిక్షేపంలా ఉన్నారు, అదే నా బాధ.

మాది తమిళనాడులో కోవిల్‌పట్టికీ సాత్తూరుకూ మధ్య నల్లరేగడి చేలలో ఉన్న చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. మా తెలుగు నోటితో వచ్చింది, నోటితోనే పోతుంది. అక్షరాలతో దానికి పరిచయం లేదు. నేను ఈ నాలుగు ముక్కలు రాయడం ముప్పయ్యో ఏట కూడబలుక్కుని నేర్చుకున్నాను. తప్పులుంటే క్షమించండి, కానీ మా అత్తకు మాత్రం చెప్పకండి.

తొంభైల చివర నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. అలాంటివాడికి ఉండవలసిన తీరికా, ఉండకూడని పౌరుషమూ రెండూ నాకు దండిగా ఉండేవి. ఆ పౌరుషానికి దెబ్బ తగిలింది విరుదునగర్‌లోనే. అక్కడ తెలుగువాళ్ళు ఏటా ఒక కల్యాణమండపంలో సభ జరిపేవారు. చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషులు వచ్చేవారు, ఆంధ్ర నుంచి ఒక అతిథిని పిలిపించేవారు. ఆ ఏడు మా ఊరి తరఫున మూడు నిమిషాలు మాట్లాడమని నన్ను నిలబెట్టారు.

మైకు పట్టుకుని, "అందరికీ వందనము. నేను కోవిల్‌పట్టి కాడినుంచి వస్తాండా" అన్నాను. అంతే. ముందు వరుసలో కూర్చున్న అతిథి, తెల్లటి ఉత్తరీయం వేసుకున్న పెద్దాయన, పక్కాయన తొడ మీద చరిచి మరీ నవ్వాడు. ఆయన నవ్వేసరికి వెనక వరుసలూ నవ్వాయి. మిగిలిన రెండు నిమిషాల యాభై సెకన్లూ నేను మాట్లాడలేదు. దండం పెట్టి దిగిపోయాను.

ఇంటికి వచ్చి శపథం పట్టాను. మా ఇంటి తెలుగు ఇక పరాయివాళ్ళ చెవిన పడకూడదు! మరి నేనేం మాట్లాడాలి? టీవీలో తెలుగు వార్తలు చదివేవాళ్ళ భాష పట్టుకున్నాను. ఆర్నెల్లు సాధన. మా అమ్మ అన్నానికి పిలిస్తే "తప్పకుండా హాజరవుతాను" అనేవాణ్ణి. మా అమ్మ రెండుసార్లు నుదురు మీద చెయ్యి వేసి చూసింది, జ్వరమేమోనని.

మరుసటి ఏడు సభకు మళ్ళీ కబురు వచ్చింది. ఈసారి నాటికల పోటీ. ఆ ఉత్తరీయం పెద్దాయనే న్యాయనిర్ణేత. వెళ్ళకపోతే భయపడ్డాడంటారు. వెళ్ళి నోరు తెరిస్తే నవ్వుతారు. ఈ రెంటి మధ్య నలుగుతూ ఒక ఆదివారం మధ్యాహ్నం సాత్తూరులో నా మిత్రుడు పెరుమాళ్ ఇంట్లో కూర్చున్నాను. పెరుమాళ్ అక్కడొక అగ్గిపెట్టెల కర్మాగారంలో పని చేసేవాడు. వాళ్ళింట్లో కేబుల్ ఉండేది. చానళ్ళు తిప్పుతుంటే ఎక్కడిదో పాత నలుపు తెలుపు ఇంగ్లీషు సీరియల్ తగిలింది.

ఒంటరి ఇంట్లో ఒక ముసలామె. ఇంటి కప్పు మీద ఆకాశం నుంచి ఏదో పడుతుంది. అందులోంచి జానెడు మనుషులు దిగి ఆమెను వేధిస్తారు. ఆమె వెతుకుతుంది, వణుకుతుంది, మూలుగుతుంది, కలబడుతుంది. కానీ ఒక్క మాట మాట్లాడదు. చెమటతో, ఊపిరితో, కళ్ళతో మొత్తం కథ నడిపిస్తుంది. చూస్తుంటే మా ఇద్దరికీ నోట్లో తడి ఆరిపోయింది.

"ఈయమ్మకి మాట రాదా?" అన్నాడు పెరుమాళ్.

"వచ్చేమో. మాట్లాడలేదు. చూస్తివా పెరుమాళూ, అంతసేపూ ఒక మాట లేదు!"

"లేకపోతే?"

"మాట లేదంటే తప్పు లేదురా! తప్పు లేదంటే నగేవాడు లేడు!"

అలా ఒక విదేశీ మహానటి ప్రాణం పెట్టి చేసిన నటనలోంచి నేను గ్రహించిన కళా రహస్యం ఇదీ. ఆమెకు తెలిసి ఉంటే ఆ మౌనాన్ని భగ్నం చేసి నన్ను తిట్టేది.

ఇక నటి కావాలి. నా బుర్రకు తట్టిన ఒకే ఒక్క పేరు మా మేనత్త గురువమ్మాళ్. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక్కతే ఉండేది. మామ పోయి అప్పటికి ఇరవై రెండేళ్ళు. అత్త మిద్దె మీద మిరపకాయలు ఆరబోసినప్పుడు నెమళ్ళ గుంపు దిగేది. ఆమె చీపురు తీసుకుని వాటితో చేసే యుద్ధం చూడాలి. ఆ ఉరుకు, ఆ కోపం, ఆ ఆయాసం! సీరియల్‌లో ముసలామెకు ఏమాత్రం తీసిపోదు. తేడా ఒక్కటే. ఆమె మాట్లాడదు, మా అత్త మాట్లాడటం మానదు. నెమళ్ళతో మాట్లాడుతుంది, మిరపకాయలతో మాట్లాడుతుంది, నిద్రలో కూడా మాట్లాడుతుందని మా నాన్న చెప్పేవాడు. తెల్లవారి కోడి కూయబోతే "ఇరు, నేను చెప్పి ముగించనీ" అని దాన్ని ఆగమనే రకం.

అలాంటి మనిషిని మూగ పాత్రకు ఎన్నుకున్న దర్శకుడి తెలివిని మీరే అంచనా వెయ్యండి.

"నాటకమా? నేనా?" అంది అత్త, మొహమంతా వెలిగిపోతూ. "ఏమేమి మాట్లాడల్ల, చెప్పురా."

"మాట లేదత్తా."

"పాట ఉండాదా?"

"పాటా లేదు. నువ్వు ఊరికే రావల్ల, బయపడల్ల, కొట్టల్ల."

"కొట్టేటప్పుడు తిట్టల్ల కదా?"

"తిట్టగూడదు."

"తిట్టకుండా ఎట్లరా కొట్టేది? చెయ్యి రాదే!"

మొదటి రిహార్సల్‌లో ఆమె ఆకాశం నుంచి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి ఏ ఊరు, ఎవరి బిడ్డలు, తిని ఎంతసేపయింది అని అడిగింది. రెండో రిహార్సల్‌లో నోరు మూసుకుంది గానీ ముక్కుతో మాట్లాడింది. మూడోనాటికి నాకు ఉపాయం తట్టింది. కోవిల్‌పట్టి కడలై మిఠాయి మీకు తెలుసు కదా, వేరుశెనగపప్పు మీద బెల్లం పాకం పోసి ముక్కలు కోసేది. పెద్ద ముక్క ఒకటి దవడన పెడితే పావుగంట సేపు పళ్ళు విడివడవు. అత్తకు పెట్టాను. నిశ్శబ్దం. కళ్ళు మాత్రం మాట్లాడాయి, చేతులు మాట్లాడాయి, ఒళ్ళంతా మాట్లాడింది. పెరుమాళ్ నోరు వెళ్ళబెట్టి, "సీనా, మీ అత్త ఇంత బాగుంటుందని ఇన్నేండ్లు తెలీలేదే!" అన్నాడు. ఆ మాట విని అత్త ఏదో జవాబు చెప్పబోయింది. మిఠాయి చెప్పనివ్వలేదు.

తరువాత ఆకాశవాహనం. రెండు కంచాలు ఒకదాని మీద ఒకటి బోర్లించి, అంచులకు చిల్లులు పెట్టి తీగతో కుట్టాలి. దాన్ని నైలాన్ తాడు మీద మండపం బాల్కనీ నుంచి వేదిక మీదకు జార్చాలి. తోకన ఒక కాకరపువ్వొత్తి వెలుగుతుంటుంది. జానెడు మనుషులంటారా, రెండు సజ్జకంకులకు వెండి కాగితం చుట్టి దారాలు కట్టాను. కంచాల దగ్గరే చిక్కు వచ్చింది. మా ఇంట్లోవన్నీ సొట్టలు. ఆకాశం నుంచి వచ్చేవాళ్ళు సొట్ట కంచంలో వస్తారా? అత్త పొలానికి వెళ్ళినప్పుడు వాళ్ళ అటక ఎక్కి ఇనప్పెట్టె తెరిచాను. పాత చీరలో చుట్టి రెండు ఎవర్‌సిల్వర్ కంచాలు, మీరు స్టీలు అంటారే అవి, అద్దంలా మెరిసిపోతూ!

వాటి వెనక వైపు పేర్లు చెక్కి ఉన్నాయి. నేను చూశాను, చూడలేదని అబద్ధం చెప్పను. కానీ మా వైపు పేరు చెక్కని పాత్ర ఏది? కొన్నవాడి పేరు, ఇచ్చినవాడి పేరు, పెళ్ళి పేరు, సీమంతం పేరు. మా ఇంట్లో ఉప్పు గరిటె మీద కూడా మా తాత పేరు ఉంది. కాబట్టి పేరు చూసి ఆలోచించే అలవాటు మాలో ఎవరికీ లేదు. ఒక్కో కంచానికి నాలుగేసి చిల్లులు పొడిచాను. చక్కగా, సమాన దూరంలో. ఆ పనితనానికి గర్వపడ్డాను కూడా.

సభనాడు ముగ్గురం బస్సెక్కాం. అత్త కొత్త చీర కట్టింది. అత్త ఇంకా చూడని వాహనం గోనెసంచిలో పెరుమాళ్ ఒళ్ళో ఉంది. కోవిల్‌పట్టి బస్టాండులో ఆరు మిఠాయి ముక్కలు కొన్నాను, ఒకటి నాటకానికి, అయిదు ముందుజాగ్రత్తకు.

మండపం నిండిపోయింది. ఉపన్యాసాలు మొదలయ్యాయి. మన సభల్లో ఉపన్యాసం ఎప్పుడు మొదలవుతుందో చెప్పొచ్చు గానీ ఎప్పుడు ముగుస్తుందో చెప్పలేం కదా. గంటన్నర గడిచింది. నాకు కంగారు ఎక్కువవుతోంది. చెయ్యి జేబులోకి పోతోంది, నోటికి వస్తోంది. ఆ గంటన్నరలో నేను ఏం చేశానో మీరు ఊహించే ఉంటారు.

ఇంతలో ఉత్తరీయం పెద్దాయన తెర వెనక్కి వచ్చాడు, నటులను పలకరించడానికి. నన్ను గుర్తుపట్టాడు.

"నువ్వు పోయినేడు మాట్లాడిన కుర్రాడివి కదూ! ఏదోయ్, మీ నాటికలో మాటలు లేవట? ఎందుకని?"

నేను నిటారుగా నిలబడి వార్తల భాష ఎత్తుకున్నాను. "అయ్యా, మా ప్రాంతీయ భాషా ప్రయోగం ప్రేక్షకులకు హాస్యాస్పదంగా పరిణమించే అవకాశం ఉన్న దృష్ట్యా..."

"ఏమిటీ?"

"మా అత్త తెలుగు వింటే అందరూ నవ్వుతారండి. అందుకని నోరు మూయించాను."

పెద్దాయన నన్ను వింతగా చూసి ఏదో అనబోయాడు. అంతలో ఎవరో వేదిక మీద నుంచి పిలిస్తే వెళ్ళిపోయాడు. నేను వెనక్కి తిరిగాను. అత్త ట్రంకుపెట్టె మీద కూర్చుని కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. జేబులో చెయ్యి పెట్టాను. మిఠాయి లేదు. కాగితం ఉంది. ఆరు ముక్కలూ నేనే నమిలేశాను.

"అత్తా, మిఠాయి... అయిపోయెను. ఎట్లైనా నోరు తెరవొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

అత్త ఒక్క మాట అనలేదు. తల కూడా ఊపలేదు. నా మొహంలోకి అలా చూసింది. నేను పొంగిపోయాను. ఆహా, పాత్రలో లీనమైపోయింది! నా శిక్షణ ఎంత గొప్పది!

తెర లేచింది. అత్త చాటలో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. బాల్కనీలో పెరుమాళ్ రేకు డబ్బా వాయించాడు. ఆమె తల ఎత్తింది. చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. సభ గప్‌చిప్. కాకరపువ్వొత్తి వెలుగులు చిమ్ముతూ వాహనం తాడు మీద జారింది. సగం దూరం వచ్చి, సరిగ్గా ఉత్తరీయం పెద్దాయన నెత్తి మీద ఆగింది. ఆయన ఉత్తరీయం తీసి తల మీద కప్పుకున్నాడు. పెరుమాళ్ తాడు ఒక్క గుంజు గుంజాడు. వాహనం వేదిక మీద ఢామ్మని పడింది. సజ్జకంకులు ఎగురుతూ వచ్చాయి. అత్త ఒకదాన్ని చీపురుతో చితక్కొట్టింది. రెండోది చీర కుచ్చిళ్ళలో దూరింది. ఆమె గెంతింది, జాడించింది, గోడకు ఆనుకుని ఎగశ్వాస తీసింది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు, భయపడాల్సిన చోట భయపడ్డారు. పక్కన నిలబడి నాకు నేనే రెండుసార్లు భుజం తట్టుకున్నాను. పదకొండు నిమిషాలు!

ఇక చివరి ఘట్టం. అత్త రోకలి ఎత్తి వాహనాన్ని మూడు దెబ్బలు కొట్టాలి, తెర పడాలి. ఆమె రోకలి తల మీదకు ఎత్తింది. వాహనం వైపు చూసింది.

ఎత్తిన రోకలి అలాగే ఉండిపోయింది.

"కొట్టత్తా!" అని సైగ చేశాను. ఆమె కదల్లేదు. రోకలి మెల్లగా కిందికి దిగింది. అత్త నేల మీద చతికిలబడి, ఆ కంచాన్ని ఒళ్ళోకి తీసుకుంది. కాకరపువ్వొత్తి మసిని కొంగుతో తుడిచింది. చెక్కిన పేరు మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరమూ తడిమింది. మా అత్తకు చదువు రాదు. లోకంలో ఆమె గుర్తుపట్టగల అక్షరాలు ఆ నాలుగే, మా మామ పేరువి. తరువాత వేలు అంచుకు పోయింది. ఒక చిల్లు. రెండో చిల్లు. మూడోది. నాలుగోది. సభలో ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. నాకింకా విషయం తెలియలేదు సుమండీ. ఏం నటన, నేను నేర్పనిది కూడా చేస్తోంది అనుకుంటున్నాను!

అప్పుడు అత్త తెర పక్కకు తిరిగింది.

"ఒరే సీనా. ఈడ రారా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వేదిక అంచున మైకు ఉంది.

"రా అంటాండా! దాంకోని ఏల చూస్తాండావు?"

వెళ్ళాను. నా చెవి ఆమె చేతికి చిక్కింది.

"ఇది మీ మామ కంచము కాదారా? పెండ్లికి ముందు తానే కోవిల్‌పట్టికి నడిచిపొయ్యి, ఒకదాన్లో తన పేరు, ఒకదాన్లో నా పేరు చెక్కించుకోని వచ్చెనురా. ఆయన పొయ్యి ఇరవై రెండేండ్లు. ఏడాదికి ఒకతూరి, ఆయన పొయ్యిన తితి నాడు, దీన్ని కడిగి ఎదర పెట్టుకోని, కూడు పెట్టి, ఉండే సంగతంతా చెప్తా. వాన వచ్చెనా, మిరప ఎట్ల కాసెను, సీనాగాడు ఎట్ల చదివెను, అంతా చెప్తారా! దీనికి తూట్లు వేస్తివే! నీకి చెయ్యి ఎట్లరా వచ్చెను?"

"అత్తా, తెలీదత్తా... మైకు ఉండాది... మాట్లాడొద్దు..."

"ఏల మాట్లాడొద్దు? లోపల ఆ పెద్దాయన కాడ ఏమి చెప్తివి? మా అత్త తెలుగు వింటే నగుతారు అంటివి కదా? నాకి వినబడలేదు అనుకొంటివా? ఉయ్యాల్లో నిన్ను పండబెట్టి పాడినది ఈ తెలుగేరా! అన్నం, నీళ్ళు, అమ్మ, అత్త అని నీకి నేర్పించినది ఈ తెలుగే! అప్పుడు బాగుండెనా? ఇప్పుడు నీకి సిగ్గు వచ్చెనా? నగనీ! పండ్లు ఉండేవాండ్లు నగుతారు, నాకేమి!"

వెనక వరుసల్లోంచి పల్లెల ఆడవాళ్ళు లేచారు. "అట్ల చెప్పక్కా!" అని ఒకామె అరిచింది. "చెవి వదలొద్దక్కా!" అని ఇంకొకామె. అత్త ఆ రెండో సలహా పాటించింది. చప్పట్లు మొదలయ్యాయి, ఈలలు పడ్డాయి. ఇది నాటకంలో భాగమనే సభంతా అనుకుంది. బాల్కనీలో పెరుమాళ్‌ ఏం చెయ్యాలో తోచక రేకు డబ్బా దరువు ఎత్తుకున్నాడు. చివరికి ఎవరికో దయ కలిగి తెర దించారు.

చెవి నొప్పి పెద్ద లెక్కలోది కాదు. తెర పడ్డాక అత్త కంచాలు రెండూ విడదీసి, తన పేరున్నదాన్ని పక్కన పెట్టి, మామ పేరున్నదాన్ని గుండెకు పెట్టుకుని కూర్చుంది. నేను సిగ్గుపడింది ఎవరి మాటకో, చిల్లులు పొడిచింది ఎవరి మాటలు వినే కంచానికో అప్పుడు తెలిసింది. ఏడుపు వచ్చింది. ఏడ్చాను కూడా, తెర చాటున.

బహుమతుల వేళయింది. ఉత్తరీయం పెద్దాయన మైకు ముందుకు వచ్చాడు. "ఈ ఏటి ఉత్తమ సంభాషణల బహుమతి, మాటలు లేని నాటికకు!" సభ గొల్లుమంది. "రచయిత వేదిక మీదకు రావాలి."

నేను అలవాటు కొద్దీ చొక్కా సర్దుకుని లేచాను. చూశారా, సిగ్గు ఎంత తొందరగా పోతుందో!

"నువ్వు కూర్చోవోయ్," అన్నాడాయన. "అమ్మా, మీరు రండి." అత్త వెళ్ళింది. ఆయన ఆమెకు దండం పెట్టాడు. "పోయినేడు ఈ కుర్రాడు నోరు తెరవగానే మా నాయనమ్మ గొంతు విన్నట్టయింది. ఆ సంతోషం పట్టలేక నవ్వాను. వీడు ఆ నవ్వు చూసి, ఏకంగా మీ నోరే మూసేశాడన్నమాట!"

బహుమతి ఏమిటనుకున్నారు? ఎవర్‌సిల్వర్ కంచం. పేరు చెక్కనిది.

నాటకం అక్కడితో అయిపోలేదు. తిరుగు బస్సులో అత్త ఆడవాళ్ళ సీట్లో కూర్చుని ఊరొచ్చేదాకా అందరితో మాట్లాడింది, నాతో తప్ప. మరునాడూ అంతే. నలభై రోజులు! పలకరిస్తే చూపు నా భుజం మీదుగా వెనక గోడకు పోయేది. ఎదురైతే ఒక నిట్టూర్పు. మంచినీళ్ళు అడిగితే చెంబు నేల మీద పెట్టే చప్పుడు. ఆ విదేశీ మహానటి కాసేపు చేసినదాన్ని మా అత్త నలభై రోజులు చేసింది, అదీ మిఠాయి సాయం లేకుండా. నేను ఒక్కణ్ణే ప్రేక్షకుణ్ణి.

కంచం పట్టుకుని కోవిల్‌పట్టిలో మాట్లు వేసేవాడి దగ్గరకు వెళ్ళాను. చిల్లులు పూడ్చవచ్చు గానీ, వేడికి అంచు నల్లబడి పేరు చెడుతుందన్నాడు. తిరిగి తెచ్చి అత్త ముందు నిలబడ్డాను. వార్తల భాష ఒక్క ముక్క నోటికి రాలేదు. "తప్పు చేస్తిని అత్తా. నీ మాటకి సిగ్గుపడితిని. అది దీనికి తూట్లు వేసినదానికన్నా పెద్ద తప్పు. మామకి నన్ను గురించి ఏమి చెప్పల్లనో చెప్పు, వద్దనను" అన్నాను. అత్త కంచం అందుకుంది. ఒక చిల్లులోంచి మేకు దూర్చి గోడకు తగిలించింది, తాను కూర్చునే చోటికి ఎదురుగా. ఇక ఏడాదికి ఒకసారి కాదు, రోజూ మాట్లాడుకోవచ్చన్నమాట. నాతో మాత్రం ఏమీ అనలేదు.

మర్నాడు మా అమ్మ వచ్చి, "అత్త నిన్ను కూటికి రమ్మనె" అంది. పరుగెత్తాను. అత్త కంచం నిండా అన్నం పెట్టి, పులుసు పోసి, దూరంగా కూర్చుంది. తలవంచుకుని తినసాగాను. అన్నం తరుగుతున్నకొద్దీ కంచం అడుగున ఏదో గీతలు కనబడ్డాయి. బహుమతి కంచమే! ఎవరిచేతనో తమిళ అక్షరాల్లో మా ఇంటి తెలుగు చెక్కించింది. ముద్ద ముద్దకూ ఒక్కో అక్షరం బయటపడుతోంది. గబగబా తిన్నాను. చివరి ముద్ద తీశాక మొత్తం చదివాను.

"సీనా, నోరు మూసుకోని తిను."

నవ్వు ఆగలేదు. నోటినిండా అన్నంతో, "అత్తా!" అని అరిచాను.

అత్త నలభై రోజుల తరువాత నోరు తెరిచింది. "ఏమిరా, చదువుకొన్నోడివి కదా? రాసినది ఏమిరా?"

అత్తకు ఇప్పుడు ఎనభై దాటాయి. మాటల్లో లోటేమీ లేదు. మామ కంచం గోడ మీదే ఉంది. బహుమతి కంచం మాత్రం నాకు రాసిచ్చేసింది. కాబట్టి చదివేవాళ్ళందరి సమక్షంలో, నాలుగు చిల్లుల కంచం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి నోరూ మూయించే నాటకం వెయ్యను. అటకలు ఎక్కను. తప్పనిసరిగా ఒక నోరు మూయవలసి వస్తే, మిఠాయి నా దవడనే పెట్టుకుంటాను.

ఇంకా చెప్పాలని ఉంది గానీ, లోపల అన్నం వడ్డించారు. ఆ కంచంలో ఏం రాసి ఉందో మీకు తెలుసు.